మూడు రోజుల్లో

నుకుస్‌లో గాలి లేచిన రోజు
కీబోర్డు మీదా ఉప్పే.
రుమాలుతో తుడిచి ఉత్తరం తెరిచింది సర్బినాజ్.
"మహాశయా, మీ పరిశోధన అమోఘం.
మూడు రోజుల్లో అచ్చు. నాలుగు వందల డాలర్లు."
ఏ పరిశోధనో రాయలేదు.
మగో ఆడో చూసుకోలేదు.

జూన్‌లోగా వ్యాసం రాకపోతే
పట్టా లేదు, వచ్చే ఏడు జీతమూ లేదు.
ఎండిన సముద్రం అడుగు నుంచి లేచే ధూళిని
మొయ్నాక్ బడిగదుల్లో పిల్లలు ఎంత పీలుస్తున్నారో
రెండేళ్లు వడపోత కాగితాల మీద తూచింది.
తొందర ఆమె ఒక్కదానిదే కాదు.

కార్డు నంబరు సగం కొట్టి
ఊరికే, సంపాదకవర్గం జాబితా చూసింది.
ఏడో పేరు, ఆచార్య పెర్దెబాయ్.
తన గురువు.
నిరుడు కాక ముందటేడు చలికాలం
గడ్డకట్టిన నేలలో ఆయనకు గొయ్యి తవ్వబోయి
అన్న గడ్డపార మొన వంచుకొచ్చాడు.

పోయినవాళ్లు గబగబా చదువుతారు కాబోలు,
తీరిక ఎక్కువ కదా!

సగం నంబరు చెరిపేసింది.

ఆ రాత్రి ఒక్కో పత్రికా తిరగేసింది:
నడిపేదెవరు, ఎప్పుడైనా ఎవర్నైనా కాదంటారా,
అందిన తేదీకీ ఒప్పుకున్న తేదీకీ మధ్య ఎన్ని వారాలు.
టీ చల్లారి, మళ్లీ కాచి, మళ్లీ చల్లారి
ఒకటి దొరికింది. ఏడు వారాలు.

అయిదో వారంలో
ముక్కూమొహం తెలియని ఎవరో అడిగారు:
"కాగితాలు తూచింది ఆరబెట్టాకా, ముందా?"

తిట్టుకుంది, పైకే.
తర్వాత త్రాసు మీది ఉప్పు ఊది
సున్నా నిలకడ పట్టేదాకా ఆగి
మొదటి కాగితం పెట్టింది.