రెండు చుక్కలు

పేరు రాయించడానికి మనాఖా వెళ్లాం,
నేనూ, నా చొక్కా కొసని పట్టుకుని ఏడేళ్ల పిల్లా.
గుమాస్తా బుగ్గలో ఖాత్ ఆకు ఉండ.
మాట దాని పక్కనించి సందు చేసుకుని వచ్చింది:
"పిల్ల పేరు?"
"అర్వా."
రాశాడు. ముద్ర కొట్టాడు. తరవాతి మనిషిని పిలిచాడు.

నాకు చదువు రాదు. గచ్చు వచ్చు.
సున్నంలో కాలిన కొండరాతి నలుసు కలిపి
నెలల తరబడి గులకరాయితో రుద్ది రుద్ది
వాననీటి తొట్టిని గుడ్డు పెంకంత నున్నగా చేస్తాను,
ఆఖర్న ఎముకల్లోని కొవ్వు పూస్తాను.
నా తొట్టిలో నీళ్లు నిలుస్తాయి.
అక్షరాలే, నా దగ్గర ఇంకిపోతాయి.

అది పుట్టిన ఏడు హరాజ్ కొండల మీద వాన లేదు.
మెట్టుమెట్టు చేలన్నీ దుమ్ము మెట్లయ్యాయి.
మా అమ్మ తఖియ్య పురిటిగది గడప మీద కూర్చుని
ఎవర్నీ అడక్కుండా "అర్వా" అంది.
అర్వా అంటే ఆడ కొండమేకలు.
ఒకటి కాదు, మంద.
ఒక్క పిల్లకి మంద పేరేమిటమ్మా అంటే
"ఒంటరిదై పోకూడదని" అంది.

అమ్మ వాటిని చూసింది, ఒకే ఒక్కసారి,
పాలపళ్లు ఊడే వయసులో,
నిలువు రాతి మీద నాలుగు, గోడకి అంటించినట్టు.
నేను కొమ్ములే చూశాను,
పాత ఇళ్ల మూలల్లో, దిష్టికి.
ఇంకా మా ఊరి తొట్టి మూడో మెట్టు మీద ఒకటి ఉంది,
ఏ గుడిదో పగలగొట్టి తెచ్చిన రాయి,
పక్కకి తిరిగిన మేక, వీపు దాకా వంగిన కొమ్ము.
ఎవరి దేవుడికి చెక్కారో మా ఊళ్లో ఎవరికీ తెలీదు.
దాని మీద కాలు పెట్టే నీళ్లకి దిగుతాం,
పొద్దున్నా సాయంత్రమూ.

బడి పంతులు ఇంకోటి చెప్పాడు.
ఆ అక్షరాలే కాస్త కదిపితే
"దాహం తీరేదాకా తాగించింది" అని అర్థమట.
నీళ్లు మోసే ఒంటెని పూర్వం రావియా అనేవాళ్లట,
తరవాత్తరవాత
ఒకరి పద్యాల్ని నోట మోసుకుని ఊరూరా తిరిగేవాణ్నీ
అదే మాటతో పిలిచారట.
తోలుతిత్తి అయినా నాలుకయినా
ఒలక్కుండా తేవాలి, అంతే కదా, అన్నాను నేను.
ఆయన నవ్వి, జిబ్లాలో తొమ్మిది వందల ఏళ్ల కింద
ఈ పేరుతోనే ఒక రాణి ఏలిందని చెప్పాడు.
కొండ మీంచి నీళ్లు తెచ్చే కాలువ ఆమే కట్టించిందంటారట.
నాకు రాణి కన్నా
ఆ కాలువకి గచ్చు చేసిన వాడి పేరు కావాలనిపించింది.
అడగలేదు.

తిరుగు దారిలో, లారీ వెనక, ఉల్లిపాయ బస్తాల మీద,
కాగితం విప్పి చదివింది పిల్ల.
"నాన్నా, తప్పు రాశాడు."
చివరక్షరం ఒట్టిగా ఉండాలట,
కొమ్ములా వెనక్కి తిరిగి, ఊరికే.
వాడు కింద రెండు చుక్కలు పెట్టాడు.
"చుక్కలుంటే అర్వీ అవుతుంది."
"అంటే?"
కాసేపు ఆలోచించింది.
"'నేను చెబుతాను' అని."

నాకు ఒళ్లు మండింది.
దిద్దించాలంటే మళ్లీ రుసుం, మళ్లీ ముద్ర, మళ్లీ వారం.
నా తొట్టిలో రెండు చుక్కలు కారితే
ఊరంతా నా తాతని కూడా తిడుతుంది!
లారీ ఆపమని రేకు మీద కొట్టబోయాను.

పిల్ల బొటనవేలితో చుక్కలు మూసింది. తీసింది.
మూసింది: మేకలు.
తీసింది: చెబుతాను.
మళ్లీ మూసింది.
దానికదే ఆట.

మలుపు తిరిగాక, ఎదర ఎర్రటి కొండ వాలు చూపించి
"అదుగో, అక్కడ నాలుగున్నాయి, ఒకదానికి కుంటి కాలు" అంది.
అక్కడ ఏమీ లేదు. ఎండ ఉంది.
కుంటిదాని తల్లి ఎవరో, అది ఎక్కడ జారిందో,
ఏ రాతి పగుల్లో నీళ్లు దొరికాయో
మొదలెట్టింది.

రేకు మీంచి చెయ్యి తీశాను.
ఊరు ఇంకా రెండు గంటల దూరం.
"తరవాత?" అన్నాను.