ఇతరములు

కోటిపల్లి రేవులో పంటి ఎక్కేసరికి
సంచిలో నలభై ప్రశ్నపత్రాలు,
పైన విద్యా పరిశోధన కేంద్రం ముద్ర.
షకీనా చెప్పులు చేత్తో పట్టుకుంది,
నేను కాగితాలు.

లంకబడి, ఐదో తరగతి.
పదిహేడో ప్రశ్న: బడికి రాకపోవడానికి కారణం?
ఒకటి జ్వరం. రెండు కూలి. మూడు పెళ్ళిళ్ళు.
నాలుగు ఇతరములు.
సత్తిపండు కాసేపు చూరుకేసి చూసి
"గోదారొచ్చిందండి" అన్నాడు
చుట్టం గురించి చెప్పినట్టు.
ఎన్నాళ్ళు?
"ఉన్నన్నాళ్ళండి."

నాలుగు వేశాను.
ఆ బెంచీ మొత్తానికి నాలుగే.

రాత్రి, కేంద్రంలో అంకెలు ఎక్కిస్తుంటే
గైడుగారు భుజం మీంచి చూసి
"ఇతరములు ఇన్నుంటే
ప్రశ్నే తప్పమ్మా" అని
టీ గ్లాసు కీబోర్డు పక్కన పెట్టి వెళ్ళారు.
ఆ ప్రశ్న రాసింది నేనే,
వానాకాలమంతా
హాస్టలు గది తలుపేసుకుని.

షకీనా వాడి కాగితం తిరగేసింది.
వెనక పెన్సిలుతో బడి, మెట్లు,
మూడో మెట్టు దాకా అడ్డగీతలు.
కింద, కొమ్ములు లేని అక్షరాల్లో:
మీకు మార్కులు ఎవరేత్తారండి?

దానికి గడి లేదు.
టీ మీద మీగడ కట్టింది.
శనివారం మొదటి పంటి ఎన్నింటికో
షకీనా ఎవరినో ఫోన్లో అడుగుతోంది.