అంచున ఒక చెయ్యి

ముప్పైరెండేళ్ల కిందటి నలుపు తెలుపు ఫోటోతో
బంగారుపాళెంలో బస్సు దిగాను.
మామిడిగుజ్జు ఫ్యాక్టరీ గేటుకి ఇప్పుడు
కల్యాణమండపం బోర్డు.
టీకొట్టాయన కళ్లు చికిలించి,
"దొరసాని కదబ్బా!
ఆ నవ్వు ఇంకెవురికుండాది?"

దొరసానమ్మ చింతపండు కొడతా ఉంది.
చేతులు పైటకు తుడుచుకుని
మోచేతుల దాకా రసం కారుతున్న
ఆ పదహారేళ్ల పిల్లను
ఎవరి కూతురో అన్నట్టు చూసింది.
"బాగుండాది" అంది. అంతే.
ఆ ఫోటోకు బెంగళూరులో బహుమతి వచ్చిందని
చెబుదామని నోరు తెరిచాను.

ఆమె వేలు అంచుకు జరిగింది.
అక్కడో చెయ్యి, మణికట్టు దాకా,
కత్తి పట్టుకుని, మసగ్గా.
మిగతాదంతా నేనే కత్తిరించేశాను
చూసేవాళ్ల చూపు చెదురుతుందని.

"మా సెల్వి చెయ్యి సామీ.
పచ్చగాజులు. గంగజాతరలో నేనే కొనిచ్చినా.
ఆ యేడే పొయ్యింది.
దానిది ఒక్క పటమూ లేదు మా కాడ."
కాసేపాగి,
"తక్కిన మనిషి యాడ?"

నెగటివులున్న రేకుపెట్టె
ఏ అటక మీద, ఏ వానకి తడిసిందో
గుర్తు చేసుకుంటూ నిలబడ్డాను.
పక్క పంచలో ఎవరో గింజలు రాల్చే చప్పుడు.

ఫోటో తిరిగివ్వలేదామె.
ఒళ్లో పెట్టుకుని
బొటనవేలితో తన మొహం మూసి
చూస్తా ఉంది.