ఒకే మూట

బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు,
ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నా ఇస్తిరీ బండి.
ఎవరింట్లో ఏం జరిగిందో
ఒకళ్ళు చెప్పక్కర్లా, బట్టలే చెప్తాయి.

ప్రభుదాసు మిరపయార్డులో గుమస్తా.
ఎన్ని నీళ్ళల్లో జాడించినా పోని ఘాటు,
పెట్టె ఆనించానా, వరసగా ఏడు తుమ్ములు.
శేషగిరిది బ్యాంకు. తెల్లచొక్కాలు, సన్నగీతలు,
నీలిమందు తప్ప ఇంకో వాసన ఉండేది కాదు.

పై వాటాలో చేరిన రెండో నెల అనుకుంటా,
బ్యాంకు చొక్కా పరిచి పెట్టె ఆనించా.
తుమ్మొచ్చింది.
ఆగి, కాలరు తిప్పి చూశా.
శేషగిరిదే.

అప్పుడు నేనేం మంచిదాన్ని కాదు.
ఆ రాత్రే మా ఆయనకి చెప్పి నవ్వా.
పొద్దునకల్లా పాలబూతుకి తెలిసింది,
సాయంత్రానికి గేటు మీద సుద్దముక్కతో ఒక మాట.
నాకు చదువు రాదు.
చదివినోళ్ళ నవ్వుని బట్టి అదేం మాటో తెలుసుకున్నా.
ప్రభుదాసు తడిగుడ్డతో తుడుస్తుంటే
బొగ్గులు ఊదుకుంటా తల ఎత్తలా.

చాన్నాళ్ళు వాళ్ళవి రెండు మూటలే కట్టా.
ఎవరూ అడగలా. నాకే ఎందుకో
కలిపి ముడెయ్యటానికి చేతులు రాలా.

ఎప్పుడు మారిందంటే ఏం చెప్పను?
కోర్టేదో చెప్పిందని అచ్చేసిన పేపర్లోనే
వాళ్ళ ప్యాంట్లు చుట్టి ఇచ్చానంట,
శేషగిరి చూపించి నవ్వాడు.
కరోనాలో ఊరంతా లుంగీల్లో కూర్చున్నప్పుడు
తొడుక్కోని చొక్కాలు కూడా తెచ్చి
ఇస్తిరీకి వేసింది వాళ్ళిద్దరే.
నిరుడు ప్రభుదాసుకి డెంగీ వస్తే
ఎదురింటి రిటైర్డు తాసీల్దారు క్యారేజీ పంపాడు.
పంపాడు గానీ,
కడిగి తెచ్చిన గిన్నెలు గుమ్మంలోనే అందుకున్నాడు.
గేటు మీద మాత్రం మళ్ళీ ఎవరూ రాయలా.

మొన్న హాస్టలు పిల్ల ఒకతి
చున్నీ అంచు మెలిపెట్టుకుంటా, గొంతు తగ్గించి,
"పిన్నీ, పైన ఆ ఇద్దరూ... ఎట్లా ఉంటారు?"
నవ్వటానికి అడగలా.
ఆ కళ్ళు ఇంకెవరి గురించో అడుగుతున్నాయి.

పెట్టె పక్కన పెట్టి చెప్పా:
"ఒకడి చొక్కాకి బొత్తాం ఊడితే
రెండోవాడు వచ్చి చెప్తాడమ్మా."

పాతపంచె పరిచి
పెద్ద కాలర్లు కింద, చిన్న కాలర్లు పైన,
నాలుగు చెంగులూ దగ్గరికి లాగి ముడేస్తుంటే
తుమ్మొచ్చింది.

"నూరేళ్ళు" అంది ఆ పిల్ల,
మూట వంక చూస్తా.