ఎదురు నార

పలక మీద రంద పెట్టే ముందు
మా మేస్త్రి రామోజు వెంకటాద్రి
కళ్లద్దాలు తీసి జేబుల పెట్టుకునేటోడు.
మట్టెవాడ సందుల, రేకుల షెడ్డు కింద,
గోరు వెనుక దిక్కుతోటి
పలకను ఈ కొస నుంచి ఆ కొస దాకా
నిమురుకుంట పోయేటోడు,
పిల్లి వీపు నిమిరినట్టు.
"ఇట్ల పోతె పండుకుంటది.
అట్ల పోతె లేస్తది."

లేచే దిక్కుకు నేను రంద తోసిన రోజు
ఏటూరునాగారం టేకు
చేప పొలుసుల లెక్క ఊడొచ్చింది.
ఆయన తిట్టలే.
పడ్డ గుంటలు లెక్కపెట్టుమన్నడు.
నలభై మూడు.
మళ్లొకసారి లెక్కపెట్టుమన్నడు.

కుర్చీ కాలుకు నార నిలువుగుండాలె,
అడ్డముంటె బిస్కీటు లెక్క ఇరుగుతది,
పెండ్లి పెద్ద కూసున్నప్పుడే ఇరుగుతది.
ఇవన్నీ నేర్చిన.
నేర్చిన అనుకున్న.

కొత్తవాడ సత్తెవ్వకు బల్ల చేసింది
దుకాణం నా చేతికొచ్చినంక.
దర్రీలు మడిచి పేర్చేటందుకు పెద్ద బల్ల.
ఐదు పలకలు అతికి
రెండు కొసలకు అడ్డపట్టీలు వేసి
ఫెవికాల్ నింపి, మొలలు దిగ్గొట్టిన.
మాఘమాసం.
ఎక్కడా గాలి దూరే సందు లేదు.
నా పనితనం నాకే ముద్దొచ్చింది.

రోహిణి కార్తెల ఒక నడిరాత్రి
పటాకి పేలినట్టు సప్పుడైందట.
ఆమె లేచి గ్యాసు బండ చూసిందట,
తలుపు చూసిందట,
ఆఖరికి బల్లను చూసిందట.
నడిమిట్ల, చిటికెన వేలు దూరేంత.

పోయి నిలవడ్డ.
తొవ్వ పొడుగునా మాటలు తయారు చేసుకున్న:
కర్ర పచ్చిది, మిల్లోడు ముంచిండు,
ఈసారి ఎండలు చూసినవా అవ్వా.

ఆమె మగ్గం దిగలే.
పేక పోగును విల్లు లెక్క వంచి, వదులుగ పరిచి,
అప్పుడు పంజాతోటి కొట్టింది.
"పడుగు గుంజి కడ్తం. అది ఓర్సుకుంటది.
పేకను అట్ల గుంజితె
అంచులు లోపలికి ఒస్తయి, బట్ట ఖరాబైతది.
నీ కర్రకు పేక లేదా, పిలగా?"

నేను తయారు చేసుకున్న మాటలన్నీ
నోట్లనే ఉండిపోయినయి.

ఉన్నది అవ్వా.
చెట్టు నిలువునా పడుగే, పొడుగుకు కదలది.
అడ్డంగనే ఊపిరి తీస్తది,
వానకు ఉబ్బుతది, ఎండకు ముడుచుకుంటది.
ఆ ఊపిరి మీద నేను మొలలు కొట్టిన.

మూడు రోజులు పట్టింది మొలలు పీకుడుకే.
పట్టీలకు గుండ్రటి చిల్లులు కాకుంట
చింతగింజ తీరు సాగదీసి తొలిచిన.
నడుమ ఒక్క స్క్రూ గట్టిగ బిగించి
కొసల స్క్రూలు వదులుగ ఇడిసిన,
కదిలితె కదలనీ అని.
చీలికను ఆమె పూడ్చనియ్యలే.
"ఉండనీ. కత్తెర పెట్టుకుంట."
కూలిల రెండు వందలు మాత్రం కోసుకున్నది.

శ్రావణంల ఆ దిక్కు పోయి చూస్తె
కత్తెర ఇరుక్కుని రాలేదట,
ఆమె నవ్వుతున్నది.

ఇప్పుడు షెడ్డుల ఒక పలక ఉన్నది.
నడుమ ముడి.
ముడికి ఇవతల నార ఒక దిక్కు పండుకుంటది,
అవతల ఇంకో దిక్కు.
ఎటు తోసినా సగం ఎదురే.
నాలుగు రోజులైతున్నది గోడకు ఆనిచ్చి.
గిరాకీ ఫోన్లు చేస్తున్నడు.
రంద పదును పెట్టిన, మళ్ల పెట్టిన.
చాయ్ తాగుకుంట దాని ముంగట కూసుంట.