గరుకు బండ

నాలుగు మెట్లే.
లెక్కేస్తే రెండడుగుల ఎత్తు.
ఎర్రగుంట్ల పక్కన మా ఊరి బడికి
నేను పుట్టకముందు నుంచీ ఉండాయి.
ఇన్నేండ్లూ వాటిని మెట్లే అనుకున్యా.

చౌడేశ్వరి మేడం పెద్దమేడంగా వచ్చిన రెండో వారం
నన్ను పిలిపించింది.
"బండపని చేసే దస్తగిరి నువ్వేనా?
గేటు కాడ రొంతసేపు నిలబడి చూడు" అనింది.

తొమ్మిదింటికి ఆటో వచ్చింది.
షాహిదాను వాళ్ల నాయన భుజానేసుకోని దించినాడు.
పద్నాలుగేండ్ల పిల్ల,
మొగం నాయన చొక్కాలో దాచుకునింది.
ఎనకాల చక్రాల కుర్చీ
ఇద్దరు మగపిల్లోళ్ల చేతుల్లో ఖాళీగా మెట్లెక్కింది.
"పిల్లకొక దావ, కుర్చీకొక దావ.
రెండూ ఒకటి చెయ్యాల దస్తగిరీ."

నాలుగు రోజుల్లో వాలుకట్ట కట్టేసినా.
నా పనితనం తెలియాలని
పాలిష్ పట్టిన నల్లబండ పరిచినా,
అందులో తల దువ్వుకోవచ్చు.
మేడం మెచ్చుకోలేదు.
చెంబెడు నీళ్లు పోసి, చెప్పులిడిచి
ఎక్కబోయి జారి గోడ పట్టుకునింది.
కుర్చీ తెప్పించి నన్ను కూర్చోమనింది.
"నీ చేతుల్తో నువ్వే తోసుకోని పైకి రా."

ముప్పై ఏండ్లు సుత్తి పట్టిన చేతులు.
సగం దాకా పోయినాయి.
ఆడ నేల నన్ను ఎనక్కి పిలిచింది.
కుర్చీతో సహా పోయి జెండాకట్టకు తగులుకున్యా.
పిల్లోళ్లంతా నవ్వినారు.
షాహిదా నవ్వలేదు, ఆ జారుడు ఆ పిల్లకు ఎరికే.

"అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడుగు" అనింది మేడం.
"నునుపొద్దు. గరుకు కావాల."

ఇరవై నాలుగడుగులంటే
మేడం స్కూటరు పెట్టే నీడ పోతాది,
క్రోటన్ల వరస పోతాది,
జెండాకట్ట జరగాల.
కమిటీలో పెద్దోళ్లు లేచినారు,
"ఒక్క పిల్ల కోసరం ఇంత రాయా?"
మేడం హాజరుపట్టీ తెరిచి వాళ్ల ముందర పెట్టింది.
"ఇందులో ఉన్నోళ్లను ఎంచడం నాకూ వచ్చు.
ఆ మెట్లు చూసి ఎనక్కి మళ్లినోళ్లను
ఏ పట్టీలో ఎంచాల, చెప్పండి."

ఎవరూ పలకలేదు.
వాకిలి కాడ నిలబడిన నేను
ఒక పేరు నోటిదాకా వస్తే మింగినా.

మా తమ్ముడు హుసేనప్ప.
ఐదేండ్లప్పుడు జరమొచ్చి కాలు పుల్లైపోయినోడు.
నాతో పాటు వాన్నీ సంకనేసుకోని
ఈ బడికే తెచ్చింది మాయమ్మ.
అప్పటి అయ్యవారు చెడ్డోడు కాదు.
"యాడ ఎక్కుతాడమ్మా, పడితే?" అన్నాడు, ప్రేమగానే.
ఆ ప్రేమకు నలభై ఏండ్లు నిండినాయి.
వాడు షెడ్డు కాడ కూచోని రాయి చెక్కుతానే ఉండాడు.

ఆ రాత్రి వానికి చెప్పినా.
మాట్లాడలేదు. ఉలి నూరుకున్యాడు.

నేను బండలన్నీ పెకిలించి
మెరుపు మట్టిలోకి పోయేట్టు బోర్లా పరిచినా.
వాడు కింద నుంచి మొదలుపెట్టినాడు,
కూచున్నకాడే గీత పక్కన గీత చెక్కుతా,
చెక్కిన జాగాకు తుంట్ల మీద జరుగుతా,
మళ్లీ చెక్కుతా.
మూడోరోజు మాపుటేల
వరండా అంచుకు వాని మోకాలు తగిలింది.
తల ఎత్తి లోపలికి చూసినాడు.
నల్లబోర్డు మీద ఎవరో సగం తుడిచిన లెక్క.
"ఇంతేనా" అన్నాడు.
ఆ మాటలో ఏముందో నాకు ఈనాటికీ తెలీదు.

ఇప్పుడు షాహిదా తనంతట తానే వస్తాది.
చక్రాలు గీతల మీద గర్రుగర్రున చప్పుడు చేస్తాయి.
వంటామె అన్నం తపేలా ఆ దావనే తోసుకోని పోతాది.
రెండో గీత కాడ ఒక బండ రొంత కదులుతాది,
సరిచెయ్యాల.

కూలి ఇచ్చేటప్పుడు మేడం అనింది,
"మరుగుదొడ్డి కాడ ఇంకో మెట్టుండాది.
సోమారం రాండి, ఇద్దరూ."