ఐదో ఋతువు

సోమాలో మాకు ఋతువులు ఐదు.
నాలుగు అందరికీ ఉన్నవే.
మంచు కరిగి, నదులు గట్లు మరిచి
దారుల మీదికొచ్చి కూర్చునే రోజులు ఐదోది.
దానికి పేరంటూ పెట్టలేదెవరూ,
అంకెతోనే సరిపెట్టుకున్నాం.

నలభయ్యొక్క ఏళ్ళు తపాలా మోశాను.
ఎండాకాలం సైకిలు, చలికాలం స్కీలు,
ఐదో ఋతువులో మా నాన్న తొలిచిన దోనె.
ఎడమ భుజం వేలెడు కిందికి దిగింది.
నా కోటు కుట్టినప్పుడల్లా దర్జీ వాల్వే
ఆ వేలెడు గుడ్డా మిగుల్చుకునేది.

అక్టోబరు ఆఖర్న పార్ను నుంచి ఒకాయన వచ్చి
పూలూ, గోడ గడియారమూ ఇచ్చాడు.
కాగితంలో 'పదవీ విరమణ' అని ఉంది.
పదవి ఎక్కడిది నాకు?
ఉన్నది సంచి.
అది అడిగి తీసుకెళ్ళాడు.

మొదటి సోమవారం
నాలుగున్నరకే నాకంటే ముందు కాళ్ళు లేచాయి.
బూట్లు తొడుక్కుని, చీకట్లో మొదటి పెట్టె దాకా నడిచి
చేతులు ఖాళీ అని అప్పుడు చూసుకున్నాను.
హెండ్రిక్ కుక్క అరవలేదు, తోకా ఊపలేదు.
సంచి లేని మనిషిని పోల్చుకోవడానికి
దానికి కాసేపు పట్టింది.
నాకింకా పడుతోంది.

నవంబరంతా ఒక మేజోడు అల్లాను.
రెండోది ఎందుకో మొదలుపెట్టలేదు.
బృందగానంలో చేరమంది మా ఆడపడుచు.
గొంతు లేదన్నాను. అబద్ధం.
ముప్ఫై కుక్కల్ని అదిలించిన గొంతు, ఎక్కడికి పోతుంది?

కొత్త కుర్రాడు కారెల్‌కి
పదకొండు పేజీలు రాసిచ్చాను.
ఎల్మార్‌కి చెవుడు, కిటికీ అద్దం మీద ఉంగరంతో కొట్టాలి.
వంతెన పక్కింటి ఆవిడకి నల్ల అంచు కవరు వస్తే
చేతికిచ్చి, కాసేపు నిలబడాలి.
అతని వ్యాను అద్దం దగ్గర ఆ కాగితాలు
మడత విప్పకుండానే పసుపెక్కాయి.

ఇంకో మాట.
ఇన్నేళ్ళలో నా ఇంటికి ఎవరూ ఉత్తరం తేలేదు.
నావి నేనే తెచ్చేదాన్ని.
నియమం నియమమే కనుక ముందు పెట్టెలో వేసి,
లోపలికెళ్ళి, బూట్లు విప్పి,
మళ్ళీ బయటికొచ్చి తీసుకునేదాన్ని.
ఆర్వో నవ్వేవాడు.
ఉన్నన్నాళ్ళూ నవ్వాడు.

ఏప్రిల్లో నీళ్ళొచ్చాయి.
రాత్రి చప్పుడేం లేదు,
పొద్దున చూస్తే కంచె సగమే ఉంది.
ఆపిల్ చెట్టు మొదట్లో ఒక పైకు చేప
ఆ గడ్డి తన తాతలనాటిదైనట్టు నిలబడి ఉంది.
కట్టెల కొట్లోంచి రెండు మొద్దులు
సెలవు తీసుకుని వెళ్ళిపోయాయి.

దోనెకి తారు పూశాను. ఎవరూ అడగలేదు.
కారెల్‌కి తెడ్డు పట్టడం రాదు, వస్తాడనుకున్నాను.
నాలుగు రోజులు అనుకున్నాను.
ఐదో రోజు మోటారు పడవ చప్పుడు.

మెట్ల దాకా వచ్చి ఇంజను ఆపి
"మైము గారూ" అన్నాడు, కొంచెం గట్టిగా,
నాకూ చెవుడేమో అన్నట్టు.
కరెంటు బిల్లు. విత్తనాల కంపెనీ పుస్తకం.
తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు.
కాగితం వెచ్చగా ఉంది.
ఇది ఆ పదకొండు పేజీల్లో లేదు.

"ఎల్మార్ కిటికీ కొట్టావా?"
"ఉంగరం లేదుగా. నాణెంతో కొట్టాను."

వెళ్ళాడు. అతని వెనకాల అల
మూడో మెట్టెక్కి, నా బూట్లు తడిపి, దిగింది.
చాలాసేపు ఆ బిల్లు చదివాను.
నా పేరు తప్పు లేకుండా ఉంది.

మధ్యాహ్నం దోనె తాడు విప్పాను.
కింద నేను సైకిలు తొక్కిన దారి,
మైలురాయి ఒకటి నీళ్ళలో తెల్లగా.
ఏ ఇంటికీ వెళ్ళాల్సిన పని లేదు.
భుజం అలవాటు, దోనె ఎడమకే మళ్ళుతోంది.
మళ్ళనిచ్చాను.